చిన్న కారుకి సరిపోయే స్టెప్నీ వెతుక్కోవడం ఎలా

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నాం. నకిరేకల్ దాటిన కాసేపటికి మా కారు ముందు ఎడమ టైరు పక్కభాగం చీలిపోయింది. రాత్రి పది దాటింది. వెనక సీట్లో అమ్మ, ఆమె ఒళ్లో నిద్రపోతున్న పాప. డిక్కీ తెరిచి కార్పెట్ ఎత్తి చూస్తే స్టెప్నీ ఉంది, చేత్తో నొక్కితే గాలి కూడా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. జాకీ ఎక్కించి, నట్లు విప్పి, స్టెప్నీ ఎత్తి పెట్టాను. నాలుగు బోల్టులూ రంధ్రాల్లోంచి బయటికి వచ్చాయి కానీ చక్రం చివరి దాకా కూర్చోలేదు. ఎంత నెట్టినా లోపల ఏదో అడ్డం తగులుతోంది.

మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్విఫ్ట్. దాని చక్రాలు 14 అంగుళాలవి. డిక్కీలో ఉన్నదేమో ఐ10 లాంటి కార్లకి వచ్చే 155/80 ఆర్13. రెండు కార్లకీ బోల్టు రంధ్రాల లెక్క ఒకటే కాబట్టి ఎక్కినట్టే ఎక్కింది, కానీ 13 అంగుళాల డిస్కు (టైరు ఎక్కించే ఇనప చక్రం) లోపలి అంచు బ్రేక్ క్యాలిపర్‌కి, అంటే బ్రేకుని నొక్కిపట్టే భాగానికి, తగిలి ఆగిపోయింది. కొన్న రోజు నేను ఇంజిన్ చూశాను, ఏసీ చూశాను, కాగితాలు చూశాను. స్టెప్నీ ఉందా అని అడిగాను, ఉందన్నారు. దాని మీద అంకెలు మాత్రం చదవలేదు.

ఆ రాత్రి మమ్మల్ని గట్టెక్కించింది పక్కన బండి ఆపిన ఒక లారీ డ్రైవరన్న. "తమ్ముడూ, వెనకాల డ్రమ్ బ్రేకే కదా. దీన్ని వెనక బిగించు, వెనకున్న మంచి టైరు ఇప్పి ముందుకెయ్" అన్నాడు. అలాగే చేశాం. చిన్న చక్రం వెనక పెట్టుకుని, 30 దాటకుండా సూర్యాపేట చేరాం. తర్వాత వారం రోజులు సరైన స్టెప్నీ కోసం తిరిగాను. ఆ తిరుగుడులో తెలుసుకున్నవి, తర్వాత ముగ్గురు నలుగురు స్నేహితుల కార్లకి వెతికినప్పుడు తెలిసినవి ఇక్కడ వరసగా చెబుతున్నాను.

మొదట మీ డిక్కీ తెరవండి

ఇప్పుడే కిందికి వెళ్లి, డిక్కీలో కార్పెట్ ఎత్తి చూడండి. స్టెప్నీ అసలు ఉందా? ఉంటే దాని మీద అంకెల్ని ఫోన్‌తో ఫొటో తీయండి. తర్వాత కింద ఉన్న నాలుగు చక్రాల అంకెలు కూడా తీయండి. చివరగా డ్రైవర్ తలుపు తెరిచి, తలుపుకీ సీటుకీ మధ్య ఉండే స్తంభం మీద చూడండి. కంపెనీ అంటించిన స్టిక్కర్ ఉంటుంది. ఆ మోడల్‌కి ఏ సైజు టైరు, ఎంత గాలి అన్నది దాని మీద రాసి ఉంటుంది. కొన్ని కార్లలో ఇది పెట్రోల్ ట్యాంకు మూత లోపల ఉంటుంది. కింద ఉన్న చక్రాలని పాత యజమాని మార్చి ఉండొచ్చు కాబట్టి, తేడా వస్తే స్టిక్కర్ మాటే నమ్మండి.

డిక్కీలో స్టెప్నీ లేదంటే ఎవరో కాజేశారనే అనుకోనక్కర్లేదు. 2020 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ రిపేర్ కిట్ ఉన్న కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదని అందులో ఉంది. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అందుకే కొన్ని కొత్త కార్లలో స్టెప్నీ ఉండాల్సిన చోట చిన్న కంప్రెసరు, జిగురు సీసా కనిపిస్తాయి. ఆ కిట్‌తో మేకు గుచ్చుకున్న పంక్చర్ ఆగుతుంది. మాకు జరిగినట్టు పక్కభాగం చీలితే అది ఎందుకూ పనికిరాదు. ఊళ్ల మీద తిరిగే అలవాటు ఉంటే కిట్ ఉన్నా సరే స్టెప్నీ ఒకటి కొనుక్కోమనే నా సలహా.

సీఎన్‌జీ కార్ల వాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. బయట గ్యాస్ కిట్ పెట్టించుకుంటే సిలిండరు తరచుగా స్టెప్నీ గుంత మీదే కూర్చుంటుంది. స్టెప్నీ ఉన్నా బయటికి రాదు. అలాంటి కారులో సామానంతా దించి, చక్రం బయటికి లాగగలరో లేదో ఒకసారి ఇంటి దగ్గరే ప్రయత్నించి చూడండి. టాటా రెండు సిలిండర్ల సీఎన్‌జీ కార్లలో స్టెప్నీని కారు అడుగున బిగించారు. దాన్ని ఎలా దించాలో మాన్యువల్‌లో చదివి ఉండాలి.

గుంత ఖాళీగా ఉంటే టేపుతో అడ్డంగా ఎంత, లోతు ఎంత అని కొలిచి రాసుకోండి. చక్రం కారుకి సరిపోయినా గుంతలో పట్టకపోతే దాన్ని డిక్కీలో నిలబెట్టి మోయాల్సి వస్తుంది. బ్రేక్ గట్టిగా కొట్టినప్పుడు పదిహేను కిలోల చక్రం ఎగిరి సీటుకి తగలడం చిన్న విషయం కాదు. తప్పనిసరిగా అలా పెట్టాల్సి వస్తే బెల్టుతో కట్టేయండి.

టైరు మీద అంకెల్ని చదవడం

165/80 ఆర్14 85టి అని ఉందనుకుందాం. 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే ఆ వెడల్పులో 80 శాతం టైరు పక్కభాగం ఎత్తు. 14 అంటే డిస్కు అడ్డకొలత, అంగుళాల్లో. 85 బరువు సంకేతం, ఆ టైరు 515 కిలోలు మోస్తుందని. టి అంటే గంటకి 190 కిలోమీటర్ల వేగం దాకా తయారుచేసినది. ఎస్ అయితే 180, హెచ్ అయితే 210.

బరువు సంకేతాన్ని తేలిగ్గా తీసుకోకండి. 74 ఉంటే 375 కిలోలు, 79 ఉంటే 437 కిలోలు. ఐదుగురు ఎక్కి డిక్కీ నిండా సామాను పెట్టుకునే కార్లు మనవి. స్టిక్కర్ మీద ఉన్న సంకేతానికి సమానం గానీ ఎక్కువ గానీ ఉండాలి, తక్కువ వద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది టైరు మొత్తం ఎత్తు. లెక్క చాలా సులువు. వెడల్పుని శాతంతో గుణిస్తే పక్కభాగం ఎత్తు వస్తుంది, దాన్ని రెట్టింపు చేయండి. డిస్కు అంగుళాల్ని 25.4తో గుణించి దానికి కలపండి. 165/80 ఆర్14కి పక్కభాగం 132, రెట్టింపు 264, డిస్కు 355.6, మొత్తం దాదాపు 620 మిల్లీమీటర్లు. స్విఫ్ట్ పై వేరియంట్లకి వచ్చే 185/65 ఆర్15కి ఇదే లెక్క వేస్తే 621 పైచిలుకు వస్తుంది. డిస్కు అంగుళం మారినా రెండు మిల్లీమీటర్లే తేడా. అందుకే ఒకదాని పక్కన ఒకటి తిరిగినా ఇబ్బంది ఉండదు. మా డిక్కీలో దొరికిన 155/80 ఆర్13 ఎత్తు 578. అంటే దాదాపు 7 శాతం తక్కువ. అందుకే ఆ రాత్రి సూర్యాపేట దాకా కారు ఒక మూలకి ఒరిగినట్టే నడిచింది.

ఈ తేడా 3 శాతం దాటకూడదని టైర్ల షాపుల వాళ్లు పాటించే లెక్క. నాకు మాత్రం స్టెప్నీకి అసలు తేడానే లేకుండా, కింద నాలుగింటికీ ఉన్న సైజే దొరకబుచ్చుకోవడం ఇష్టం. అప్పుడు అది ఐదో చక్రమవుతుంది, ఎంత దూరమైనా వెళ్లొచ్చు.

మోడల్ పేరు చెప్పి టైరు కొనొద్దు. వ్యాగన్‌ఆర్ 2019 మోడల్‌లో 1 లీటరు ఇంజిన్ కారుకి 155/80 ఆర్13 వచ్చింది, 1.2 లీటరు కారుకి 165/70 ఆర్14. ఆల్టో 800కి 145/80 ఆర్12, 2022 ఆల్టో కే10కి 145/80 ఆర్13. ఈ రెండు ఆల్టోల టైర్ల ఎత్తులో దాదాపు 5 శాతం తేడా ఉంది. "ఆల్టో స్టెప్నీ ఉందా అన్నా" అని అడిగితే షాపతను ఏది చేతికొస్తే అది ఇస్తాడు, తప్పు అతనిది కాదు. టాటా నానో సంగతి ఇంకా వేరు. దానికి ముందు టైర్లు 135/70 ఆర్12, వెనకవి 155/65 ఆర్12. ఇప్పటికీ నానో నడుపుతున్న వాళ్లు స్టెప్నీ వెతికేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అసలు చిక్కంతా డిస్కుతోనే

స్టెప్నీ అనగానే మనం టైరు గురించి ఆలోచిస్తాం. ఆ పేరు బ్రిటన్‌లోని వేల్స్ నుంచి వచ్చింది. లనెల్లీ ఊళ్లో స్టెప్నీ వీధిలో డేవిస్ అన్నదమ్ములు 1904లో అమ్మడం మొదలుపెట్టిన సరుకు అది. టైరు ఎక్కించిన వట్టి రిమ్ముని పంక్చరైన చక్రానికి పక్కనే బిగించేవారు. అంటే ఆనాడే స్టెప్నీ అంటే టైరు ఒక్కటే కాదు, దాన్ని పట్టుకునే ఇనుము కూడా. వెతకడానికి వెళ్లినప్పుడు టైరు ఏ వీధిలోనైనా దొరుకుతుంది. మీ కారు హబ్ మీద, అంటే చక్రాన్ని బిగించే భాగం మీద, సరిగ్గా కూర్చునే డిస్కు దొరకడమే కష్టం. చూడాల్సినవి ఐదు ఉన్నాయి, వాటిలో మొదటి మూడిట్లో ఏది తప్పినా చక్రం సరిగ్గా కూర్చోదు, మిగతావి తప్పితే కూర్చుంటుంది కానీ ప్రమాదం.

మొదటిది బోల్టు రంధ్రాల లెక్క. దీన్ని షాపుల్లో పీసీడీ అంటారు. రంధ్రాలన్నిటి మధ్యలోంచి ఒక వలయం గీస్తే దాని అడ్డకొలత అన్నమాట. స్విఫ్ట్, ఐ10, ఐ20, టియాగో లాంటి ఎక్కువ చిన్న కార్లకి 4 రంధ్రాలు, 100 మిల్లీమీటర్లు. ఫోర్డ్ ఫిగోకి 4 రంధ్రాలే కానీ 108. కొన్ని ఫియట్ కార్లకి 4 రంధ్రాలు, 98. ఫోక్స్‌వ్యాగన్ పోలోకి 5 రంధ్రాలు, 100. 2015లో వచ్చిన రెనో క్విడ్‌కి మూడే. నానోకి కూడా మూడే.

దీన్ని మీరే కొలవొచ్చు. నాలుగు రంధ్రాలుంటే ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న రంధ్రం ఎడమ అంచు దాకా స్కేలు పెట్టండి. మధ్య నుంచి మధ్యకి కొలిచినట్టే అవుతుంది, అదే పీసీడీ. ఐదు రంధ్రాలుంటే ఎదురు రంధ్రం ఉండదు కాబట్టి పక్కపక్క రెండింటికీ మధ్య నుంచి మధ్యకి దూరం కొలిచి 1.701తో గుణించండి. మూడుంటే 1.155తో.

98కీ 100కీ తేడా రెండు మిల్లీమీటర్లేగా అని కొందరు గట్టిగా బిగించేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు, ఎవరినీ చేయనివ్వొద్దు. ప్రతి బోల్టూ ఒక పక్కకి లాగినట్టు వంగి బిగుస్తుంది. నట్టు బిగిసిందనే అనిపిస్తుంది, కానీ అది పూర్తిగా కూర్చోదు. పరుగులో వదులవుతుంది.

రెండోది మధ్య రంధ్రం. హబ్ మీద ఉబ్బెత్తుగా ఉండే భాగం ఈ రంధ్రంలో సరిగ్గా పట్టాలి. స్విఫ్ట్, ఐ10 డిస్కుల్లో ఇది 54.1 మిల్లీమీటర్లు. హోండా చిన్న కార్లకి 56.1. స్విఫ్ట్ డిస్కు హోండా హబ్ మీద అసలు కూర్చోదు. హోండా డిస్కు స్విఫ్ట్‌కి ఎక్కుతుంది కానీ మధ్యలో రెండు మిల్లీమీటర్ల వదులు ఉంటుంది. చక్రం కేంద్రం తప్పితే స్టీరింగ్ వణుకుతుంది.

మూడోది మా కొంప ముంచినదే, బ్రేక్ క్యాలిపర్. ముందు డిస్క్ బ్రేకులున్న కారుకి కంపెనీ ఇచ్చిన అతి చిన్న చక్రం కంటే చిన్నది పట్టదు. మీ మోడల్ కింది వేరియంట్‌కి ఏ అంగుళం ఇచ్చారో తెలుసుకోండి. బ్రేకులు రెండిటికీ ఒకటే అయితే ఆ అంగుళం మీకూ పడుతుంది, అంతకన్నా తగ్గొద్దు.

నాలుగోది ఆఫ్‌సెట్. డిస్కు లోపలి వైపు ఈటీ అని, పక్కన ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది. చక్రం కారు లోపలికి ఎంత, బయటికి ఎంత ఉండాలో అది చెబుతుంది. మీ అసలు డిస్కు మీద ఉన్న అంకె చూసి దానితో పోల్చండి. బాగా ఎక్కువైతే టైరు లోపల షాకబ్‌కి (షాక్ అబ్జార్బరుకి) రాసుకుంటుంది. బాగా తగ్గితే బయటికి వచ్చి ఫెండరుకి (చక్రం పైనుండే రేకుకి) తగులుతుంది.

ఐదోది ఎవరూ చెప్పనిది, నట్లు. అలాయ్ వీల్స్ వేయించుకున్న కార్లకి స్టెప్నీ మాత్రం ఇనప డిస్కే ఉంటుంది. అలాయ్‌కి వచ్చిన నట్లు ఇనప డిస్కుకి సరిపడకపోవచ్చు. డిస్కు రంధ్రం అంచు ఏటవాలుగా ఉంటే నట్టు కూడా అలాగే ఏటవాలుగా ఉండాలి, గుండ్రంగా ఉంటే గుండ్రంగా. నట్ల బదులు బోల్టులే హబ్‌లోకి బిగించే కార్లలో ఇంకో ప్రమాదం ఉంది. అలాయ్ మందంగా ఉంటుంది కాబట్టి దానికి పొడవు బోల్టులు ఇస్తారు. అవే బోల్టుల్ని పలచటి ఇనప డిస్కుకి వాడితే లోపలికి ఎక్కువ పొడుచుకుపోయి బ్రేకు భాగాలకి తగులుతాయి. పోలో లాంటి బోల్టు కార్ల వాళ్లు కంపెనీ బోల్టుల సెట్టు ఒకటి స్టెప్నీతో పాటు సంచిలో పెట్టుకోవాలి. అలాయ్‌కి తాళం నట్లు వేయించి ఉంటే దాని తాళం చెవి కూడా ఆ సంచిలోనే ఉండాలి. ఆ తాళం చెవి ఇంట్లో బీరువాలో ఉండగా రోడ్డు మీద నిలబడ్డ వాళ్లని నేను చూశాను.

ఎక్కడ వెతకాలి

నేనైతే మొదట వెళ్లేది పెద్ద టైర్ల షాపులకి. కొత్త కారు కొన్న వారంలోనే ఇనప డిస్కులు తీసేసి అలాయ్ వీల్స్ వేయించుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లు వదిలేసిన ఇనప డిస్కులు, ఒక్కోసారి టైరుతో సహా, షాపు వెనక పేర్చి ఉంటాయి. కిలోమీటరు కూడా సరిగ్గా తిరగని చక్రాలవి. స్టిక్కర్ ఫొటో చూపించి, "ఈ కారు నుంచి తీసిన డిస్కు ఉందా, వస్తే ఫోన్ చేయండి" అని నంబరు ఇచ్చి రండి. నాకు సూర్యాపేట తర్వాత ఐదో రోజున అలాంటి ఫోనే వచ్చింది. 165/80 ఆర్14, టైరుతో సహా, మా మోడల్ నుంచే తీసినది.

అది కుదరకపోతే షోరూమ్ స్పేర్ పార్ట్స్ కౌంటర్. ఛాసిస్ నంబర్ ఇస్తే మీ కారుకి సరిగ్గా ఏ డిస్కు వచ్చిందో వాళ్ల సిస్టమ్‌లో కనిపిస్తుంది. ఖరీదు ఎక్కువే, కానీ సందేహం ఉండదు. కొనకపోయినా, డిస్కు పార్ట్ నంబర్ అడిగి రాసుకోండి. ఆ నంబరు చేతిలో ఉంటే మిగతా చోట్ల బేరం తేలిక.

మూడోది ఆటోనగర్. విజయవాడ జవహర్ ఆటోనగర్, విశాఖ, గుంటూరు ఆటోనగర్లు, హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్. ఇక్కడ పాత కార్లు విప్పిన సామాను దొరుకుతుంది. ఉత్పత్తి ఆగిపోయిన ఫిగో, పుంటో, నానో లాంటి కార్ల వాళ్లకి ఇంతకన్నా దారి లేదు. వెళ్లేటప్పుడు మీ కారులోనే వెళ్లండి, అక్కడే జాకీ ఎక్కించి బిగించి చూడొచ్చు. ఉదయం పూట వెళ్తే తీరిగ్గా వెతుకుతారు. బిల్లు అడగండి. ఆపి ఉంచిన కార్ల నుంచి స్టెప్నీలు దొంగతనం చేయడం మామూలే కాబట్టి, ఎక్కడిదో చెప్పలేని చక్రం ఎంత చవకైనా వద్దు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు డిస్కు వెనక వైపు ఫొటో అడగండి. ముందు వైపు ఎంత మెరిసినా మనకి ఉపయోగం లేదు. అచ్చు వేసిన అంకెలన్నీ ఆ వెనక వైపే ఉంటాయి.

పాతది కొంటుంటే చేత్తో పట్టుకుని చూడండి

ముందు వయసు. టైరు పక్కభాగం మీద డాట్ అనే ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే వరస ఉంటుంది. దాని చివర నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది. ఒక వైపు కనిపించకపోతే టైరు తిప్పి రెండో వైపు చూడండి. స్టెప్నీ టైరు అరగకుండానే ముసలిదవుతుంది. గీతలు కొత్తగా ఉన్నా రబ్బరు ఎండిపోయి ఉంటుంది. ఆరేళ్లు దాటితే నేను కొనను. పదేళ్లు దాటినది వాడొద్దని టైర్లు చేసే కంపెనీలే చెబుతాయి. కొత్త టైరైతే ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15633 అనే అంకె ఉన్నాయో లేదో చూసుకోండి. ప్యాసింజర్ కార్ల టైర్లకి ఉన్న ప్రమాణం అది.

తర్వాత గాడి లోతు. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మెలు ఉంటాయి. టైరు వాటి మట్టానికి అరిగిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని, దాని పని అయిపోయిందని అర్థం. స్టెప్నీకి 4 మిల్లీమీటర్ల పైన ఉన్నది తీసుకుంటే మంచిది.

పక్కభాగాన్ని వేళ్లతో తడమండి. ఉబ్బు ఉంటే లోపలి దారాలు తెగాయని. వెంట్రుకల్లాంటి చీలికలు ఉంటే రబ్బరు ఎండిందని. అక్కడ పంక్చర్ ప్లగ్ వేసి ఉంటే ఇక మాట్లాడకుండా పక్కన పెట్టేయండి.

ఇక్కడ ఒక్క పని పట్టుబట్టి చేయించండి. టైరుని డిస్కు నుంచి ఊడదీయించి లోపల చూడండి. గాలి లేకుండా కాసేపు నడిచిన టైరుకి లోపల పక్కభాగం చుట్టూ నల్లటి పట్టీలా రాపిడి మచ్చ, రబ్బరు పొడి ఉంటాయి. బయట నుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది. గాలి కొట్టి వేగంగా వెళ్తే అక్కడే పగులుతుంది. దీనికి షాపతను విసుక్కున్నా ఫర్వాలేదు, ఊడదీసి ఎక్కించే కూలి ఇస్తానని చెప్పండి. లోపల ట్యూబ్ కనిపిస్తే ఎందుకు వేశారో అడగండి. తరచుగా డిస్కు అంచు తుప్పు పట్టి గాలి నిలవకపోవడమే కారణం.

ఊడదీశారు కాబట్టి డిస్కుని కూడా వదలకండి. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద పెట్టి తిప్పించి అంచు వంక చూడండి. మెలిక ఉంటే కంటికి కనిపిస్తుంది. బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా సాగి ఉంటే అది వదులు నట్లతో నడిచిన డిస్కు. వెల్డింగ్ చేసినది వద్దు. పైపైన తుప్పు ఉంటే ఉప్పు కాగితంతో రుద్ది పెయింట్ వేయించుకోవచ్చు. వాల్వు మాత్రం కొత్తది వేయించండి, అది కొద్ది డబ్బుల పని.

కొన్న రోజే బిగించి చూడండి

బేరం అయ్యాక చక్రాన్ని నేరుగా డిక్కీలో పడేయకండి. షాపు ముందే ముందు చక్రం విప్పించి దీన్ని పెట్టండి. హబ్‌కి ఖాళీ లేకుండా ఆనుకోవాలి. నట్లు పానా లేకుండా చేత్తోనే కనీసం ఆరేడు చుట్లు తిరగాలి. బిగించాక, కారు ఇంకా జాకీ మీద ఉండగానే చక్రాన్ని చేత్తో తిప్పండి. గరగర వినిపిస్తే క్యాలిపర్‌కి తగులుతోందన్నమాట. స్టీరింగ్ అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి, లోపల షాకబ్‌కీ టైరుకీ మధ్య వేలు పట్టేంత సందు ఉందో లేదో చూడండి. దించి ఒక రెండు కిలోమీటర్లు నడపండి. వెనక చక్రం దగ్గర కూడా ఒకసారి పెట్టి చూడండి, పంక్చర్ ఏ చక్రానికి అవుతుందో మనకి తెలియదు.

ఇంటికి వచ్చాక చక్రాన్ని డిక్కీ గుంతలో పెట్టి, పైన కార్పెట్ సమంగా మూసుకుంటోందో చూసుకోండి. మధ్యలో బిగించే పెద్ద స్క్రూ ఉండాలి. అది లేకపోతే గతుకుల్లో చక్రం ఎగిరెగిరి పడుతుంది.

గాలి, సామాను, రోడ్డు మీద వాడకం

స్టెప్నీలో గాలి స్టిక్కర్ మీద ఉన్నదానికంటే మూడు నాలుగు పిఎస్ఐ ఎక్కువ పెట్టించండి, నెలల తరబడి కూర్చుని తగ్గుతుంది కాబట్టి. వాడాల్సి వచ్చినప్పుడు తగ్గించుకోవడం తేలిక, ఎక్కించుకోవడం కష్టం. పెట్రోల్ బంకులో నాలుగు చక్రాలకి గాలి కొట్టించేటప్పుడు ఐదోది కూడా చూడమని అడగండి. చాలా సార్లు డిక్కీ తెరవడం బద్ధకమే దానికి శత్రువు.

సన్నగా, పసుపు స్టిక్కర్‌తో ఉండే తాత్కాలిక స్టెప్నీ మీది అయితే లెక్క వేరు. దానిలో సాధారణంగా 60 పిఎస్ఐ గాలి ఉండాలి, గంటకి 80 దాటకూడదు. దానితో ఊరు చేరి అసలు టైరు బాగు చేయించుకోవాలే తప్ప, దాని మీదే ప్రయాణం పూర్తిచేయకూడదు. ఎత్తులో తేడా ఉన్న ఏ స్టెప్నీ అయినా ఇంజిన్ ముందు చక్రాలని తిప్పే కారులో వెనక వైపు పెట్టడం మంచిది. ముందు రెండు చక్రాలు వేర్వేరు ఎత్తులో ఉంటే డిఫరెన్షియల్ (రెండు చక్రాల వేగాల తేడాని సర్దే గేర్లు) తిరుగుతూనే ఉండి వేడెక్కుతుంది, బ్రేక్ వేస్తే స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది. పంక్చర్ ముందు అయితే ఆ లారీ డ్రైవరన్న చెప్పినట్టే చేయండి. మొదట స్టెప్నీని వెనక బిగించి కారు దించాలి, తర్వాతే ముందు వైపు జాకీ ఎక్కించి వెనక నుంచి తీసిన చక్రం పెట్టాలి. రెండు చక్రాలు ఒకేసారి విప్పకూడదు.

మా డిక్కీలో ఇప్పుడు స్టెప్నీతో పాటు ఒక గుడ్డ సంచి ఉంటుంది. అందులో వీల్ పానా, పానాకి తొడిగే రెండడుగుల ఇనప పైపు, జాకీ కింద పెట్టుకోవడానికి చెక్క పలక, చక్రాల వెనక పెట్టడానికి రెండు చెక్క ముక్కలు, టార్చి, ఎర్ర త్రికోణం, పాత దుప్పటి ఒకటి. నట్లు మెషీన్‌తో బిగించినవైతే ఒట్టి చేతి పానాకి రావు, అందుకే ఆ పైపు. కానీ దాన్ని విప్పడానికే వాడండి. బిగించేటప్పుడు పైపు వేస్తే బోల్టు మర పోతుంది. కారు ఇంకా నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేసి, తర్వాతే జాకీ ఎక్కించండి. జాతీయ రహదారి మీద మార్చుకోలేని పరిస్థితి ఉంటే 1033కి ఫోన్ చేయండి, అది హైవే సహాయ నంబరు. చక్రం మార్చాక 50 కిలోమీటర్లు వెళ్లి ఎక్కడైనా టీకి ఆగినప్పుడు, టీ చెప్పి వచ్చి, నట్లు ఇంకోసారి బిగించి చూసుకోండి.